భాష రాకపోయినా ఆఫ్రికాన్స్ నాటకానికి వెళ్ళొచ్చా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో సౌత్ ఆఫ్రికాలో డచ్చి నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్ భాషలో వచ్చే నాటకాల గురించి, లైవ్ కామెడీ గురించి నేను రాసిన నాలుగు ముక్కలకి ప్రిటోరియా నుంచి తెనాలి దాకా చాలామంది ఉత్తరాలు రాశారు, చాలా సంతోషం. అన్నీ ఒకేసారి వేయడం కుదరదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి ఏరి ఇక్కడ పెట్టాను. కొందరు పేర్లు వేయొద్దన్నారు, అందుకని అందరివీ ఊళ్ళు మాత్రమే ఇస్తున్నా.

సెంచూరియన్ నుంచి: అక్కా, నేను ఇక్కడికొచ్చి ఇంకా ఏడాది కాలేదు. మా టీమ్‌లో సగం మంది ఆఫ్రికాన్స్ వాళ్ళే. వచ్చే శుక్రవారం అందరూ కలిసి ఒక కామెడీ షోకి వెళ్తున్నారు, నన్నూ రమ్మంటున్నారు. నాకు లెక్కర్ (బావుంది), బ్రాయ్ (నిప్పుల మీద మాంసం కాల్చుకుని తినే విందు) తప్ప ఇంకో మాట రాదు. రెండు గంటలు బొమ్మలా కూర్చోవడం కంటే ఏదో వంక చెప్పి తప్పించుకోనా?

వంకలేం చెప్పొద్దు తమ్ముడూ, వెళ్ళు. ఇంటికి బ్రాయ్‌కి పిలవడం వాళ్ళకి మామూలే గానీ వాళ్ళ భాషలో జరిగే షోకి రమ్మన్నారంటే అది ఇంకాస్త ఎక్కువ చనువు, దాన్ని పోగొట్టుకోకు. కాకపోతే వస్తానని చెప్పే ముందు ఎవరి షో, ఎలాంటిది అని కనుక్కో.

మనం మామూలుగా కామెడీ తేలిక, సీరియస్ నాటకం కష్టం అనుకుంటాం. భాష రానివాళ్ళకి ఇది పూర్తిగా తలకిందులు. నాటకానికి కథ ఉంటుంది, ముందే ఎవర్నన్నా అడిగి తెలుసుకోవచ్చు, స్టేజి మీద తల్లెవరు కొడుకెవరు, ఎవరు ఎవరి మీద రగిలిపోతున్నారు అనేది మొహాలు చూస్తే తెలిసిపోతుంది, నాలుగు మాటలు పోయినా తర్వాతి సీన్ మళ్ళీ మనల్ని పట్టుకుని లాక్కెళ్తుంది. స్టాండప్ అలా కాదు, జోకు మొత్తం ఆఖరి మాటలో ఉంటుంది, ఆ మాట అందకపోతే ఇంక ఏమీ లేదు, పైగా భాష ఒక్కటే వస్తే సరిపోదు, స్కూల్ హాస్టల్ కష్టాలు, చర్చి బజారు, పాస్టరు గారి ఆదివారం ప్రసంగం, లాఫ్టస్ స్టేడియంలో బ్లూ బుల్స్ రగ్బీ మ్యాచ్, ఇవన్నీ తెలిసి ఉండాలి.

అందుకని నా సలహా ఏంటంటే ఆ షో స్కాల్క్ బెజైడెన్‌హౌట్‌ది అయితే కళ్ళుమూసుకుని వెళ్ళు. అతను ఇంగ్లీషులోనూ ఆఫ్రికాన్స్‌లోనూ రెండింట్లో చేస్తాడు, ముందు అతని ఇంగ్లీషు క్లిప్పులు ఓ రెండు చూడు, మాట ఎక్కడ ఆపుతాడు, మొహం ఎప్పుడు మారుస్తాడు అనేది అలవాటైపోతుంది, తర్వాత ఆఫ్రికాన్స్‌లో విన్నా అతని పద్ధతి నీకు తెలిసే ఉంటుంది. నతానియేల్ షో అయితే ఇంకా మంచిది, ఆయన సగం పాటగాడు సగం కథకుడు, వేసుకునే దుస్తులే ఒక వింత, మధ్యమధ్యలో ఇంగ్లీషు కూడా మాట్లాడతాడు, భాష రాకపోయినా చూడ్డానికి బోలెడు ఉంటుంది. కాస్పర్ డి ఫ్రీస్ మాత్రం మొదటిసారికి వద్దంటాను. గొప్ప కమెడియనే, అందులో అనుమానం లేదు, కానీ ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి అంత స్పీడుగా దూకుతుంటే భాష బాగా వచ్చినవాళ్ళే పరిగెత్తాలి. కొన్నాళ్ళు ఆగి చూడు, అప్పుడు ఆ మజా వేరు.

నువ్వుండే చోటికి ప్రిటోరియాలో లిన్‌వుడ్ బ్రిడ్జ్ దగ్గర ఆటర్‌బరీ థియేటర్ దగ్గరే, ఆఫ్రికాన్స్ షోలు అక్కడ బాగా పడతాయి. హాలు మరీ పెద్దది కాదు, ఎక్కడ కూర్చున్నా నటుల మొహాలు కనపడతాయి. నాటకానికి వెళ్తే ముందు వరసల్లో తీసుకో, స్టాండప్‌కి మాత్రం ముందు రెండు వరసలూ వదిలెయ్, ఎందుకంటే కమెడియన్ కిందకి చూసి నువ్వెక్కడి నుంచి, ఏం పని చేస్తావ్ అని మొదలుపెడతాడు, భాష రానప్పుడు అది కొంచెం ఇబ్బంది. ఇంకోటి, టైమ్ అంటే టైమే. ఏడుంపావు అని వేస్తే ఏడుంపావుకి తలుపులు మూసేస్తారు, మన ఫంక్షన్లలా ఎనిమిదింటికి వెళ్తామంటే కుదరదు, చాలాచోట్ల ఆ తర్వాత లోపలికి రానివ్వరు.

కేప్ టౌన్ నుంచి: మేడమ్, మా పాప ఎనిమిదో క్లాసు. స్కూల్లో ఆఫ్రికాన్స్ రెండో భాషగా ఉంది. మార్కులు తక్కువొస్తున్నాయి, అంతకంటే ముఖ్యంగా ఆ భాషంటేనే విసుగు వచ్చేసింది, "ఇది నాకెందుకు మమ్మీ" అంటుంది. నాటకాలకి తీసుకెళ్తే ఏమన్నా ఉపయోగం ఉంటుందా?

చాలా ఉంటుందమ్మా. మీ పాపలాగా ఇక్కడ చదువుకునే మన తెలుగు పిల్లలు చాలామంది ఇదే మాట అంటున్నారు. వాళ్ళకి స్కూల్లో ఆఫ్రికాన్స్ అంటే స్టోంపి రూలు, వాక్యంలో ఏ ముక్క ఎక్కడ పెట్టాలి అనేది ఆ అక్షరాల వరసలో గుర్తుపెట్టుకోవాలి, తర్వాత భూతకాలం, తర్వాత వ్యతిరేక వాక్యంలో చివర ఇంకోసారి 'నీ' (కాదు, లేదు అని చెప్పే మాట) పెట్టడం. అవన్నీ కావాల్సినవే గానీ, ఆ భాషలో ఒక మనిషి ఇంకో మనిషిని తిట్టడం, బతిమాలడం, బుజ్జగించడం ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు. వినని భాష మీద ఇష్టం ఎక్కడ్నుంచి వస్తుంది చెప్పండి? నాటకం ఆ పని చేస్తుంది. గంటసేపు చెవిలో పడితే స్టోంపి రూలు దానంతటదే వాక్యంలో వినపడుతుంది.

మీరు కేప్ టౌన్‌లో ఉండటం అదృష్టం. రోండెబోష్‌లో బ్యాక్స్‌టర్ థియేటర్ ఉంది, కేప్ టౌన్ యూనివర్సిటీది, 1977లో తెరిచారు. సిటీలో ఆర్ట్‌స్కేప్ ఉంది, అక్కడే ఏప్రిల్ చివర్లో సైడ్‌ఊస్టర్‌ఫీస్ అనే ఫెస్టివల్ పెడతారు, 2003 నుంచి జరుగుతోంది. నాకు ఆ ఫెస్టివల్ అంటే ప్రత్యేకమైన ఇష్టం, ఎందుకంటే కేప్ టౌన్ శివార్లలోని కేప్ ఫ్లాట్స్ జనం ఇళ్ళల్లో మాట్లాడుకునే ఆఫ్రికాన్స్, కాప్స్ అంటారు, అది అక్కడ స్టేజి మీద దర్జాగా వినిపిస్తుంది. మీ పాప బస్సులోనూ షాపులోనూ వినేది ఆ యాసే, పుస్తకంలో చదివేది వేరే, రెండిటికీ సంబంధం ఉందని అక్కడ కూర్చుంటే తెలుస్తుంది.

కామెడీకి తీసుకెళ్ళాలంటే మార్క్ లాటరింగ్. ఆయన కేప్ ఫ్లాట్స్ మనిషి, ఎక్కువగా ఇంగ్లీషులో చెప్తూ మధ్యలో కాప్స్ కలిపేస్తాడు కాబట్టి పిల్లలకి అందుతుంది. ఆంటీ మెర్ల్ అనే ఆయన పాత్ర ఉంది చూడండి, వీధిలో అందరి సంగతులూ తెలిసిన పెద్దావిడ, ఆమె మీద పూర్తి మ్యూజికల్ కూడా వచ్చింది. అయితే ఏ షో అయినా టికెట్ కొనే ముందు వయసు పరిమితి చూస్కోండి, భాష ఘాటుగా ఉన్నా ఇంకేదన్నా ఉన్నా దాని పక్కనే గుర్తు వేస్తారు, ఇది తల్లిదండ్రులు తప్పకుండా చూడాల్సింది. ఆఫ్రికాన్స్ స్టేజి కొన్ని విషయాల్లో మన స్టేజి కంటే చాలా బాహాటంగా ఉంటుంది.

ఇంకో మాట, పై క్లాసుల్లో నాటకం పాఠ్యపుస్తకంగా వస్తుంది. స్కూళ్ళకి తిరిగి ఆ నాటకాల్నే ఆడే బృందాలు ఉన్నాయి, టీచర్‌ని అడగండి. చదివి చూస్తే ఒకటి, చూసి చదివితే ఇంకోటి, నన్నడిగితే పిల్లలకి ముందు చూపించి తర్వాత చదివించాలి.

తెనాలి నుంచి: నమస్కారం. మేం పరిషత్తు నాటకాలు ఆడేవాళ్ళం, నలభై ఏళ్ళ అనుభవం. మన దగ్గర నాటకం చూసే జనం ఏటేటా తగ్గిపోతున్నారు. తెలుగుతో పోలిస్తే ఆ భాష వాళ్ళు చాలా తక్కువమంది అని రాశారు, మరి వాళ్ళ నాటకం ఎలా నిలబడింది? ప్రభుత్వమే పోషిస్తోందా?

మాస్టారూ, మీ ప్రశ్న చదివి చాలాసేపు ఆలోచించాను, ఇది ఒక్క పేరాతో అయ్యేది కాదు.

ముందు లెక్క చెప్తాను. 2011 జనాభా లెక్కల్లో ఆఫ్రికాన్స్ ఇంటి భాషగా ఉన్నవాళ్ళు దాదాపు 68 లక్షలు, అదే ఏడాది మన దేశంలో తెలుగువాళ్ళు 8 కోట్ల పైన. ఆఫ్రికాన్స్‌కి అధికార భాష హోదా వచ్చిందే 1925లో. సరిగ్గా ఆ రోజుల్లోనే పాల్ డి గ్రూట్ అనే ఆయన బృందం ఊరూరా తిరుగుతూ నాటకాలు వేయడం మొదలెట్టింది, తర్వాత ఆంద్రే హ్యూగెనెట్ లాంటి పెద్ద నటులు వచ్చారు. కార్లలో సామాను వేసుకుని, మట్టి రోడ్ల మీద వందల కిలోమీటర్లు, ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి టౌన్ హాల్లోనే స్టేజి. మన సురభి వాళ్ళ కథ తెలిసిన మీకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత 1947లో నేషనల్ థియేటర్ ఆర్గనైజేషన్ అని ప్రభుత్వ డబ్బుతో పెట్టారు, ఇంగ్లీషు ఆఫ్రికాన్స్ రెండు భాషల్లోనూ ఆడేది. 1960ల్లో దాన్ని తీసేసి ఒక్కో రాష్ట్రానికి ఒక్కో కళామండలి ఏర్పాటు చేశారు, నెల జీతాల నటులు, సొంత వర్క్‌షాపులు, సొంత టైలర్లు. కేప్ టౌన్‌లో నికో మలాన్ థియేటర్ 1971లో, ప్రిటోరియాలో స్టేట్ థియేటర్ 1981లో కట్టారు, ఎంత పెద్దవో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అయితే మాస్టారూ, ఇదంతా అపార్థైడ్ (జాతి వివక్ష) ప్రభుత్వం తెల్లవాళ్ళ కోసం పెట్టిన ఖర్చు. నికో మలాన్ తెరిచినప్పుడు తెల్లవాళ్ళు తప్ప ఇంకెవరూ లోపలికి పోవడానికి లేదు, 1975లో గానీ అందరికీ తలుపులు తీయలేదు. ఆ భవనం పేరే ఇప్పుడు ఆర్ట్‌స్కేప్.

1994లో ప్రజాస్వామ్యం వచ్చింది. దేశంలో అన్ని భాషలకీ అన్ని కళలకీ ఆ డబ్బు పంచాలి కదా, అది న్యాయమే, దాంతో ఆ కళామండళ్ళ జీతాల బృందాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇంక ఆఫ్రికాన్స్ నాటకం పని అయిపోయింది అనుకున్నవాళ్ళు చాలామంది. అప్పుడు 1995లో క్లైన్ కరూ అనే ఎండిపోయిన ప్రాంతంలో, నిప్పుకోళ్ళు పెంచే ఔట్స్‌హోర్న్ అనే చిన్న ఊళ్ళో కేకేఎన్‌కే (క్లైన్ కరూ జాతీయ కళోత్సవం అని దాని అర్థం) ఫెస్టివల్ మొదలైంది. అప్పటికే ఇంగ్లీషు వాళ్ళకి గ్రాహమ్స్‌టౌన్ (ఇప్పుడు మఖాండా) అనే ఊళ్ళో 1974 నుంచి ఒక పెద్ద ఉత్సవం ఉంది, ఆఫ్రికాన్స్‌కి అలాంటిది లేదు. స్కూల్ హాళ్ళు, చర్చి హాళ్ళు, ఖాళీగా ఉన్న గోడౌన్లు అన్నీ థియేటర్లు అయిపోయాయి. అది చూసి 1998లో పోచెఫ్‌స్ట్రూమ్‌లో ఆర్ట్‌క్లోప్, 2000లో స్టెలెన్‌బోష్‌లో వూర్ట్‌ఫీస్, 2004లో మ్బోంబేలాలో ఇన్నిబోస్. ప్రభుత్వ డబ్బుతో పెద్ద భవనంలో ఉన్న నాటకం ఊళ్ళ మీద పడి, టికెట్టు కొనే జనం మధ్యకి వచ్చేసింది.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. ఫెస్టివల్ వల్ల నాటకం ఆకారమే మారింది. ఒకరో ఇద్దరో నటులు, వ్యానులో పట్టే సెట్టు, ఇంటర్వెల్ లేకుండా గంట గంటంబావు. మార్చి ఏప్రిల్‌లో ఔట్స్‌హోర్న్‌లో మొదటి ప్రదర్శన, పేరొస్తే అక్టోబరులో స్టెలెన్‌బోష్, మధ్యలో చిన్న ప్రైవేటు థియేటర్లు, అలా ఒకే నాటకం ఏళ్ళ తరబడి తిరుగుతుంది. సాంద్రా ప్రిన్స్‌లూ అని వాళ్ళ గొప్ప నటి, ఆవిడ ఒక్కతే ఆడే కుట్టుమిషన్ నాటకం ఉంది, రషెల్ గ్రీఫ్ రాసింది, వృద్ధాశ్రమంలో ఉన్న ఒక ముసలావిడ తన కుట్టుమిషన్ పక్కన కూర్చుని బతుకంతా చెప్పుకొస్తుంది. స్టేజి మీద ఒక మనిషి, ఒక మిషన్, అంతే. ఎన్ని ఊళ్ళు తిరిగిందో ఆ నాటకం!

మన పరిషత్తుల్లో బాధేంటంటే ఎంత మంచి నాటకమైనా పోటీకి ఆడతాం, ప్రైజొస్తుంది, షీల్డు ఇంటికొస్తుంది, ఇంకో నాలుగు పరిషత్తులు తిరిగాక నాటకం చచ్చిపోతుంది. టికెట్ పెట్టం. ఉచితంగా చూపిస్తే జనం వస్తారనుకుంటాం, కానీ డబ్బు పెట్టినవాడే టైముకొస్తాడు, ఫోన్ ఆపుతాడు, నచ్చకపోతే నిలదీస్తాడు. తక్కువ రేటైనా సరే టికెట్ పెట్టి తీరాలని నా గట్టి నమ్మకం.

వాళ్ళకి ఇంకో ఆసరా టీవీ. 1999లో కైక్‌నెట్ అని ఆఫ్రికాన్స్ చానెల్ వచ్చింది, అంతకుముందూ ఆ తర్వాతా సీరియళ్ళు కూడా ఉన్నాయి, నటులకి టీవీలో అన్నం దొరుకుతుంది, టీవీలో తెలిసిన మొహం కనక స్టేజికి జనం వస్తారు. మన టీవీ నటులు నాటకం వైపు వెనక్కి రారు, వాళ్ళ నటులు వస్తారు, తేడా అక్కడే ఉంది. అయితే అక్కడా అంతా బంగారం కాదు మాస్టారూ, ఫెస్టివల్‌లో ముందు హౌస్‌ఫుల్ అయ్యేది పాటల షోలు, కామెడీ షోలు, కొత్త రచయిత సీరియస్ నాటకానికి సగం కుర్చీలు ఖాళీగా ఉండటం ఇప్పటికీ మామూలే.

హైదరాబాద్ నుంచి: స్టెలెన్‌బోష్‌లో చదువుకి వెళ్తున్నాను. మీరు ఆఫ్రికాన్స్ నాటకాల గురించి అంత ప్రేమగా రాస్తుంటే నాకు ఒకటి మింగుడు పడట్లేదు. అది అపార్థైడ్ భాష కదా, సోవెటోలో పిల్లలు చచ్చిపోయింది ఆ భాష వద్దన్నందుకే కదా? ఆ భాషలో జోకులకి నవ్వుకోవడం సరైనదేనా?

బాబూ, ఈ ప్రశ్న అడిగి మంచి పని చేశావు, దీన్ని దాటేసి ఆఫ్రికాన్స్ గురించి మాట్లాడకూడదు. 1976 జూన్ 16న జోహానెస్‌బర్గ్ పక్కన నల్లవాళ్ళు ఉండే సోవెటోలో స్కూలు పిల్లలు వీధిలోకి వచ్చింది లెక్కలు, సోషల్ లాంటి సబ్జెక్టులు ఆఫ్రికాన్స్‌లో చదవాలని బలవంతం చేసినందుకే, పోలీసులు వాళ్ళ మీద కాల్పులు జరిపారు. దాన్ని ఎవరూ మర్చిపోలేరు, మర్చిపోకూడదు కూడా.

కానీ భాష ఎవరిది అనేది ఇంకో కోణంలోంచి చూడు. ఇవాళ ఆఫ్రికాన్స్ మాట్లాడేవాళ్ళలో సగానికి పైగా తెల్లవాళ్ళు కాదు. అది పుట్టిందే కేప్‌లో, అంటే కేప్ టౌన్ చుట్టుపక్కల, డచ్చి యజమానుల కింద పనిచేసిన బానిసల నోట్లో, అక్కడి ఆదివాసులైన ఖోయ్ ప్రజల నోట్లో. ఆ బానిసలు ఎక్కడివాళ్ళు? ఇండోనేషియా, మడగాస్కర్, మొజాంబిక్, ఇంకా మన బెంగాల్, మలబారు, కోరమాండల్ తీరం. మచిలీపట్నంలో, భీమిలిలో డచ్చి వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి కదా, ఆ డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలే మనుషుల్ని కూడా మోసుకుపోయాయి. కేప్ రికార్డుల్లో కోరమాండల్ అని తీరం పేరు తగిలించిన బానిసల పేర్లు కనపడతాయి. 19వ శతాబ్దంలో కేప్ ముస్లిములు ఆఫ్రికాన్స్‌ని అరబ్బీ లిపిలో రాసుకుని మతపాఠాలు చెప్పుకున్నారు. అపార్థైడ్ ప్రభుత్వం ఈ చరిత్రంతా తుడిచేసి, అది తెల్లవాళ్ళ సొత్తు అని బోర్డు తగిలించింది.

ఆ బోర్డుని పీకేసే పని ఎక్కువగా చేసింది స్టేజే, నేను ఆ నాటకాల్ని ప్రేమించేది అందుకే. ఆడమ్ స్మాల్ 1965లో కాప్స్ యాసలో రాసిన నాటకం ఒకటుంది, 'కన్నా హై కో హైస్టూ', అంటే కన్నా ఇంటికొస్తున్నాడు అని. కన్నా అనే కుర్రాడిని మకీత్ అనే పేద తల్లి పెంచుతుంది, కడుపున పుట్టకపోయినా ఇంటి ఆశలన్నీ అతని మీదే, అతను చదువుకుని ఇంజినీరై కెనడా వెళ్ళిపోతాడు. ఇక్కడ ఇల్లు కూలిపోతుంది, ఇంట్లో వాళ్ళు ఒక్కొక్కరే నాశనమైపోతారు, అతను తిరిగొచ్చేది మకీత్ అంత్యక్రియలకి. విదేశాల్లో ఉండే మన తెలుగువాళ్ళు ఎవరు చూసినా గొంతు పట్టేస్తుంది. ఎప్పుడన్నా ఆడితే అస్సలు వదలొద్దు.

కామెడీలో అయితే పీటర్-డర్క్ ఎయిస్. 1970ల్లో సెన్సారు వాళ్ళు ఆయన నాటకాల్ని నిషేధించారు. ఆయన చీర కట్టినంత శ్రద్ధగా ఆడవేషం కట్టి ఎవీటా బెజైడెన్‌హౌట్ అనే పాత్ర సృష్టించాడు, పాలక పార్టీ ఎంపీ భార్య, లేని ఒక దేశానికి రాయబారి, ఆవిడ ప్రభుత్వాన్ని తెగ మెచ్చుకుంటూనే ఉంటుంది, ఆ మెప్పుల్లోనే ప్రభుత్వం బట్టలు ఊడిపోతాయి. హాల్లో నవ్వేది కూడా ఎక్కువగా తెల్లవాళ్ళే, తమ మీద తామే. అపార్థైడ్ పోయాక మండేలా ఆ ఎవీటాకి టీవీలో ఇంటర్వ్యూ కూడా ఇచ్చారు. ఎయిస్ 1996లో డార్లింగ్ అనే ఊళ్ళో పాత రైల్వే స్టేషన్‌ని థియేటర్‌గా మార్చాడు, కేప్ టౌన్ నుంచి కారులో ఓ గంట, వెళ్ళే ముందు ప్రోగ్రాం చూస్కో.

మ్యూజికల్స్ అంటే డేవిడ్ క్రేమర్, తాలీప్ పీటర్సన్ ఇద్దరి జోడీ. కేప్ టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే వాడని 1966లో తెల్లవాళ్ళ ప్రాంతమని ప్రకటించి 60,000 మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు, ఆ కథనే వాళ్ళు 1987లో పాటలతో స్టేజి మీద పెట్టారు. ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళే వచ్చి కూర్చుని ఏడుస్తూ నవ్వుతూ చూశారు.

అంతా సర్దుకుంది అని మాత్రం నేను చెప్పను. 1997లో ఔట్స్‌హోర్న్ ఫెస్టివల్‌లోనే మిరియం మకేబా పాడుతుంటే తాగిన తెల్ల కుర్రాళ్ళు డబ్బాలు విసిరారు, అది ఆ ఫెస్టివల్ చరిత్రలో ఉన్న మచ్చ. ఇవాళ్టికీ కొన్ని హాళ్ళలో చుట్టూ చూస్తే నల్లవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నువ్వు వెళ్ళు, ఇవన్నీ మనసులో పెట్టుకునే వెళ్ళు. దేనికి నవ్వుతున్నావో చూసుకుంటే నవ్వడంలో తప్పు లేదు.

జోహానెస్‌బర్గ్ నుంచి: ఒక షోలో కమెడియన్ ఇండియన్ యాక్సెంట్ పెట్టి తల ఊపుతూ పది నిమిషాలు లాగాడు, హాలంతా ఒకటే నవ్వులు. మా ఆవిడ మధ్యలోనే లేచి బయటికొచ్చేసింది. ఫ్రెండ్స్ ఏమో ఇక్కడ అందరి మీదా వేస్తారు, సీరియస్‌గా తీసుకోవద్దు అన్నారు. మేం అతి చేశామా?

అతి ఏమీ కాదండీ. నచ్చనప్పుడు లేచి రావడం టికెట్ కొన్నవాళ్ళ హక్కు, మీ ఆవిడ సరైన పనే చేశారు. అందరి మీదా వేస్తారు అనేది నిజమే, సౌత్ ఆఫ్రికా స్టాండప్‌లో కులాలు జాతులు యాసలు అన్నీ వస్తాయి, కానీ వేయడంలో తేడా ఉంది. మార్క్ లాటరింగ్ టాక్సీ కండక్టర్ వేషం వేస్తే ఆ కండక్టర్ ఎక్కడ పెరిగాడో, వాళ్ళమ్మ ఏమంటుందో ఆయనకి తెలుసు. రియాద్ మూసా అని కేప్ టౌన్ ముస్లిం కుటుంబం నుంచి వచ్చిన కమెడియన్ ఉన్నాడు, చదివింది డాక్టరీ, చేసేది ఇంగ్లీషులోనే, ఆయన తన ఇంటి గురించి చెప్తుంటే మీరు మీ ఇల్లు గుర్తొచ్చి నవ్వుతారు. ఆ మనుషుల గురించి ఏమీ తెలియకుండా ఒట్టి యాస, ఒట్టి తల ఊపుడు మీద బతికే జోకు బద్ధకపు జోకు, ఏ భాషలో చెప్పినా అంతే. మన తెలుగు సినిమాల్లో పక్క రాష్ట్రాల వాళ్ళ యాసని ఏడిపించే కామెడీ కూడా ఇదే బాపతు, అక్కడ మనం నవ్వుతున్నామా లేదా అని కూడా ఒకసారి చూసుకోవాలి.

ఆ థియేటర్ మేనేజ్‌మెంట్‌కి ఒక మెయిల్ రాయండి, మర్యాదగా, ఏ జోకు, ఎందుకు నచ్చలేదు అని. మీ ఫ్రెండ్స్‌కి కూడా విడమర్చి చెప్పండి, వాళ్ళకి నిజంగా తెలియకపోవచ్చు. దీంతో మొత్తానికే షోలు మానేయకండి. జోహానెస్‌బర్గ్‌లో న్యూటౌన్‌లో మార్కెట్ థియేటర్ ఉంది, 1976లో మొదలైంది, అపార్థైడ్ రోజుల్లోనే తెల్లా నల్లా కలిసి ఆడి, కలిసి చూసిన చోటు, ఆ భవనం అసలు ఇండియన్ల పళ్ళ మార్కెట్. ఆఫ్రికాన్స్ అక్కడ తక్కువే గానీ మీ ఆవిడని ఈసారి అక్కడికి తీసుకెళ్ళండి.

డర్బన్ నుంచి: మా ముత్తాతలు నాటాల్ చెరకు తోటలకి వచ్చినవాళ్ళు. మా అమ్మాయి బ్లూమ్‌ఫాంటైన్ అబ్బాయిని చేసుకుంది, వియ్యాలవారు ఆఫ్రికాన్స్ వాళ్ళు. ఈసారి పిల్లల సెలవుల్లో అందరం కలిసి ఔట్స్‌హోర్న్ ఫెస్టివల్‌కి వెళ్దామంటున్నారు. డర్బన్‌లో మాకు ఇవేవీ తెలియవు. ఏం చూడాలి, ఏం తినాలి? నేను శాకాహారిని.

ఎంత మంచి సంబంధం అండీ, తప్పకుండా వెళ్ళండి. డర్బన్‌లో ఆఫ్రికాన్స్ షోలు బాగా అరుదు, కాబట్టి ఇది మీకు కొత్త లోకమే.

డర్బన్ నుంచి రోడ్డు మీద అయితే మరీ దూరం, జార్జ్ దాకా విమానంలో వెళ్ళి అక్కడి నుంచి కొండ దాటితే ఓ 60 కిలోమీటర్లు. రూములు మాత్రం చాలా ముందుగా చూస్కోవాలి, ఊరు చిన్నది, ఆ వారం గెస్ట్‌హౌస్‌లన్నీ నిండిపోతాయి, ఊళ్ళోవాళ్ళు ఇళ్ళే అద్దెకిస్తారు, స్కూల్ హాస్టల్ గదులు కూడా దొరుకుతాయి. పగలు ఎండ, రాత్రి చలి, శాలువా పెట్టుకోండి.

రోజుకి రెండు షోలు చాలు, మూడోది పెట్టుకుంటే ఏదీ గుర్తుండదు. పొద్దున ఒక నాటకం, సాయంత్రం ఒక పాటల షో. నాటకం కథ ముందురోజు రాత్రే మీ వియ్యపురాలిని అడిగి చెప్పించుకోండి, ఆవిడకి చెప్పడం సరదా, మీకు చూడటం తేలిక. కొన్ని నాటకాలకి పైన తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వేస్తారు, ప్రోగ్రాం పుస్తకంలో చూసి అలాంటివి గుర్తు పెట్టుకోండి. పిల్లలకి వేరే షోలు ఉంటాయి, వాళ్ళని మధ్యలో ఒకరోజు కాంగో గుహలకి తీసుకెళ్ళొచ్చు, ఊరికి 30 కిలోమీటర్లే.

తిండి దగ్గర కొంచెం ఇబ్బంది పడతారు, ఎటు చూసినా మాంసం కాలుస్తూనే ఉంటారు. బొగ్గుల మీద కాల్చే రూస్టర్‌కూక్ అనే రొట్టె దొరుకుతుంది, చీజూ జామూ పెట్టించుకోండి. దాల్చినచెక్క పంచదార చల్లిన పాన్‌కేకులు, పాకంలో ముంచిన జడల్లాంటి కూక్‌సిస్టర్లు ఉంటాయి, గుడ్డు తినకపోతే పాన్‌కేకుల్లో ఉంటుంది కాబట్టి అడిగి తీసుకోండి. పచ్చడి సీసా ఒకటి వెంట తీసుకెళ్ళండి, ఆ రొట్టెలోకి చాలా బావుంటుంది, మీ వియ్యంకుడికి కూడా పెట్టండి.